పది గీత కాదు, రెండు చుక్కలు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది విజయనగరం. మొన్న సిరిమానోత్సవానికి వచ్చిన మా తమ్ముడు మేనకోడలి ముచ్చట తీర్చాలని విశాఖపట్నంలో ఒక కుందేలును, రెండు గినీపిగ్గులను కొని తెచ్చాడు. రెండూ ఆడవేనని అమ్మినవాడు చెప్పాడట. డిసెంబరు మూడో వారంలో మూడు పిల్లలు పుట్టాయి. అన్నీ ఒకటే గూట్లో ఉంటున్నాయి. భోగి మర్నాటి నుంచి రెండు పిల్లలు తుమ్ముతున్నాయి, కళ్లు పుసులు కడుతున్నాయి, మేత సరిగ్గా ముట్టడం లేదు. నగల కొట్లో పనిచేసే మా మరిది తూచి చెప్పాడు: బాగున్న పిల్ల 240 గ్రాములు, జబ్బుపడినవి 190, 165. పశువుల ఆసుపత్రి డాక్టరు గారు "ఆవుల్నీ మేకల్నీ చూసే చెయ్యమ్మా నాది" అంటూనే పుస్తకం తిరగేసి, చిన్నపిల్లల సల్ఫా–ట్రైమెథోప్రిమ్ సిరప్ ఒక్కోదానికి 0.1 ఎంఎల్ చొప్పున ఉదయం, రాత్రి వెయ్యమని రాశారు. మొదటిసారి మా అత్తగారు ఉగ్గుగిన్నెతో పట్టారు. మందు ముక్కులోంచి బయటికొచ్చేసింది. తర్వాత మందుల షాపులో ఎర్రమూత ఇన్సులిన్ సిరంజి తెచ్చాం. ఏడో తరగతి చదివే మా పాప సూది తీసేసి, 0.1 అంటే పది గీత అని లెక్కగట్టి రెండు రోజులుగా పోస్తోంది. చిన్నది మరీ నీరసపడింది. షాపు కుర్రాడేమో "ఎలకే కదండీ, పాపకి వాడిన అమాక్సిసిలిన్ ఉంటే అదే రెండు చుక్కలు పొయ్యండి, దెబ్బకి తగ్గిపోద్ది" అంటున్నాడు. ఏం చెయ్యమంటారు? మందు నీళ్ల సీసాలో కలిపేస్తే ఈ గొడవంతా ఉండదు కదా?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం చదువుతూ "ఎర్రమూత", "పది గీత" అన్న మాటల దగ్గర ఆగిపోయాను. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ సిరంజి సంగతి.

మన మందుల షాపుల్లో దొరికే ఇన్సులిన్ సిరంజిలు రెండు రకాలు. నారింజ మూతది 100 యూనిట్లది, ఎర్రమూతది 40 యూనిట్లది. ఒక ఎంఎల్‌ను మొదటిదాంట్లో వంద భాగాలు చేస్తారు, రెండోదాంట్లో నలభై. నారింజ మూతది అయ్యుంటే మీ పాప లెక్క నూటికి నూరుపాళ్లు సరిపోయేది, పది గీత అంటే 0.1 ఎంఎల్. ఎర్రమూత దాంట్లో పది గీత అంటే పావు ఎంఎల్, అంటే 0.25. డాక్టరు రాసినదానికి రెండున్నర రెట్లు. పాపను ఏమీ అనకండి. షుగరు ఉన్న పెద్దవాళ్లు కూడా ఈ రెండు మూతల దగ్గర పొరబడుతూనే ఉంటారు.

డాక్టరు గారి చీటీ మాత్రం సరిగ్గానే ఉంది. ఆ సిరప్ 5 ఎంఎల్‌లో మామూలుగా సల్ఫామెథాక్సజోల్ 200, ట్రైమెథోప్రిమ్ 40, రెండూ కలిపి 240 మిల్లీగ్రాములు ఉంటాయి. ఒక ఎంఎల్‌లో 48, 0.1 ఎంఎల్‌లో 4.8. ఈ మందు గినీపిగ్గులకు కిలో బరువుకు పూటకు 15 నుంచి 30 మిల్లీగ్రాముల దాకా వేస్తారు. 165 గ్రాముల పిల్లకు 4.8 అంటే కిలోకు 29 పడింది, పై హద్దుకు ఆనుకుని ఉంది. మీరు వేసిన పావు ఎంఎల్‌తో అది కిలోకు 70 దాటిపోయింది. విషం పోశామని గుండె బాదుకోనక్కర్లేదు, కానీ ఆకలి చచ్చిపోవడంలో దీని పాలు కూడా ఉండొచ్చు. రాత్రి డోసు వెయ్యకముందే డాక్టరుకు ఫోన్ చేసి ఎన్నిసార్లు, ఎంత పడిందో ఉన్నదున్నట్టు చెప్పండి. ఒక పూట మానాలా, అలాగే సాగించాలా అన్నది ఆయన తేలుస్తారు. సీసా మీది అంకెలు కూడా చదివి వినిపించండి, అన్ని సిరప్‌లూ ఒకే చిక్కదనంలో ఉండవు.

ఇక ఇన్సులిన్ సిరంజిని పక్కన పడేసి, షాపులో మామూలు 1 ఎంఎల్ సిరంజి అడగండి. టీబీ సిరంజి అన్నా ఇస్తారు. దాని మీద 0.1, 0.2 అని ఎంఎల్‌లోనే రాసి ఉంటుంది, మధ్యలో సన్న గీతలు ఒక్కోటి 0.01. సూది ఊడదీసి ముందే పారేయండి. సూది అంటుకుపోయి వచ్చే రకాలు కొన్ని ఉంటాయి, వాటిని కత్తెరతో కోసి వాడదామనుకుంటారు కొందరు. మిగిలిన మొన నోట్లో గీరుకుంటుంది, ఆ పని వద్దు. సీసా బాగా కుదిపాక మందు లాగి, సిరంజి వెలుగుకు ఎత్తి చూడండి. లోపల గాలి బుడగ ఉంటే ఆ 0.1లో సగం గాలే అయ్యుండొచ్చు. ఇంతా చేస్తే 0.1 ఎంఎల్ అంటే ఎంతనుకున్నారు? రెండు చుక్కలు.

షాపు కుర్రాడు చెప్పిందీ రెండు చుక్కలే. ఆ రెండు చుక్కలు మాత్రం చచ్చినా వెయ్యకండి. ఆ అబ్బాయి మంచి మనసుతోనే చెప్పి ఉంటాడు. మనుషుల పిల్లలకు రోజూ పది సీసాలు అమ్మే మందు ఒక జంతువును చంపుతుందంటే నమ్మబుద్ధి కాదు మరి. గినీపిగ్గు పేగుల్లో గడ్డిని పులియబెట్టి అరిగించే సూక్ష్మజీవులు ఉంటాయి, దాని బతుకంతా వాటి మీదే. అమాక్సిసిలిన్ లాంటి పెన్సిలిన్ జాతి మందులు వాటిని తుడిచిపెడతాయి. ఖాళీ అయిన చోట క్లాస్ట్రిడియం అనే చెడ్డ బాక్టీరియా పెరిగి విషం కక్కుతుంది. మొదట్లో బాగున్నట్టే కనిపించి, ఆ తర్వాత నీళ్ల విరేచనాలు, ఒళ్లు చల్లబడిపోవడం, అంతే. ఈ సంగతి 1943లోనే బయటపడింది. 1940 మే నెలలో ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ అనే శాస్త్రవేత్త బృందం పెన్సిలిన్‌ను మొదటిసారి జబ్బు జంతువుల మీద పరీక్షించింది ఎనిమిది చిట్టెలుకలతో. ఆ రోజు వాళ్ల బోనులో చిట్టెలుకల బదులు గినీపిగ్గులు ఉండి ఉంటే ఆ మందును అక్కడే పారబోసేవారేమో. ప్రయోగాలకు పెట్టింది పేరైన జంతువు ఆ ఒక్క ప్రయోగంలో లేకపోవడం మనందరి అదృష్టం.

కాబట్టి ఇంట్లో మిగిలిన ఏ సీసా అయినా సరే, దాని మీద అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లావులనేట్, సెఫలెక్సిన్, సెఫిక్సిమ్, ఎరిత్రోమైసిన్, క్లిండమైసిన్, లింకోమైసిన్ అన్న పేర్లు కనిపిస్తే గూడు దరిదాపులకు తేవద్దు. పుండు మీద రాసే ఆయింట్‌మెంటు అయినా అంతే, నాకి మింగేస్తాయి. జలుబు సిరప్‌లు, ముక్కుకు రాసే బాములు అసలే వద్దు.

ఇప్పుడు ఉగ్గుగిన్నె దగ్గరికి వద్దాం. మీ అత్తగారి చేతి మీద ఎంతమంది పిల్లలు పెరిగారో గానీ, ఉగ్గు పట్టే తీరు ఒకసారి తలుచుకోండి. కాళ్లు చాపుకుని, పసిగుడ్డును వాటి మీద వెల్లకిలా వేసి, బుగ్గలు నొక్కి, గిన్నె కొన నోట్లో పెట్టి ఒంచడం. మనుషుల పిల్లలకే అది మంచిది కాదని పిల్లల డాక్టర్లు మొత్తుకుంటున్నారు. గినీపిగ్గుకైతే మరీ ప్రమాదం. దాని నోట్లో మెత్తటి అంగిలి, నాలుక మొదలు కలిసిపోయి ఉంటాయి, గొంతులోకి దారి ఒక చిన్న కంత. ఊపిరేమో ముక్కుతోనే. కక్కుకోవడం దానికి చేతకాదు. ఒక్కసారిగా పోసింది ఆ కంతలో పట్టక ముక్కులోకి ఎగదన్నుతుంది, లేదంటే ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. అసలే రొంప పట్టిన పిల్లకు అది రెండో జబ్బు.

ఈ ముక్క నేను పుస్తకంలో నేర్చుకోలేదు. పాలకొండ వైపు పనిచేసే కొత్తలో ఒక కుర్రాడు సైకిలు బుట్టలో అట్టపెట్టె పెట్టుకుని గినీపిగ్గును తెచ్చాడు. గేదెలకు వెదురు గొట్టంతో మందు పట్టించి పట్టించి అలవాటైన చేతులు నావి. తల పైకెత్తి, సిరంజి ఎదురుగా పెట్టి, ఒక ఎంఎల్ ఒక్క తోపులో తోసేశాను. ఎడమ ముక్కు పుటంలోంచి తెల్లటి బుడగ ఒకటి ఉబ్బి పగిలింది. కుర్రాడు చొక్కా అంచుతో తుడిచాడు. మూడో రోజు మళ్లీ వచ్చాడు, పెట్టె ఖాళీ. సైకిలు దిగకుండా గేటు దగ్గరి నుంచే ఒకసారి నా వైపు చూసి వెళ్లిపోయాడు.

సరే, చేసే పద్ధతి చెబుతాను, పాపను పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. కుర్చీలో వద్దు, నేల మీద చాప వేసుకుని కూర్చోండి. ఈ పిల్లలు చేపపిల్లల్లా జారి దూకుతాయి, ఒడి ఎత్తు నుంచి పడినా ఎముక విరుగుతుంది. పాతబడి మెత్తబడిన తువ్వాలు కావాలి. పొందూరు ఖద్దరు తుండు ఒకటి నా దగ్గర ఉంది, ఇరవై ఏళ్ల ఉతుకుడుకు వెన్నలా తయారైంది, ఈ పనికి దాన్ని మించింది లేదు. మందు కంటే ముందు గోరువెచ్చని నీళ్లలో తడిపి పిండిన దూదితో కళ్ల పుసి, ముక్కు చుట్టూ ఎండిన చీమిడి తుడవండి. ముక్కు మూసుకుపోయిన పిల్ల మందు మింగుతుందా, ఊపిరి పీలుస్తుందా? రెండూ ఒకేసారి కుదరవు దానికి.

తువ్వాలు మీద నాలుగు కాళ్లూ ఆనించి నిలబెట్టి, అంచులు రెండు వైపులా మడిచి తల మాత్రం బయట ఉంచండి. రొమ్ము దగ్గర బిగించొద్దు, మీ చిటికెన వేలు లోపల ఆడేంత వదులుండాలి. మేత మేసేటప్పుడు తల ఎలా ఉంటుందో అలాగే ఉండనివ్వండి, పైకెత్తొద్దు. ఎడమ చేతి బొటనవేలు, చూపుడు వేలు దవడల వెనక ఊరికే ఆనితే చాలు. ముందు పళ్లకూ వెనక దంతాలకూ మధ్య పళ్లు లేని సందు ఉంటుంది. సిరంజి కొన నోటి పక్కమూల నుంచి ఆ సందులోకి పోనిచ్చి, లోపలి దంతాల వైపు అడ్డంగా చూపండి, గొంతు వైపు కాదు. ఒక చుక్క వదలండి. ఆగండి. దవడ గబగబా ఆడుతుంది చూశారా, గడ్డిపరక నమిలినట్టు? అది ఆగాకే రెండో చుక్క. ఆడకపోతే చుక్క ఇంకా నోట్లోనే ఉందన్నమాట. మందు కూడా దానికి ఒక మేతే, నమిలి మింగాలి. అయిపోగానే ఒక కొత్తిమీర రెమ్మ అందించండి. నాలుగో పూటకు సిరంజి చూడగానే మూతి ముందుకు చాపే పిల్లల్ని చూశాను నేను, ఈ సిరప్ తియ్యగానే ఉంటుంది కూడా.

ముక్కులోంచి వస్తే వెంటనే ఆపి, తల కొంచెం కిందికి ఉండేలా పట్టుకుని ముక్కు తుడవండి. తలకిందులు చేసి విదిలించకండి. కాసేపు చెవి దగ్గర పెట్టుకుని వినండి. గరగర, టిక్కుటిక్కు వినిపిస్తున్నా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా డాక్టరు దగ్గరికి బయల్దేరడమే. సగం మందు ఒలికిపోయిందనుకోండి, మళ్లీ వెయ్యొద్దు. ఎంత లోపలికి వెళ్లిందో తెలియనప్పుడు తక్కువ పడటమే మేలు. ఒక పూట మరిచిపోతే తర్వాతి పూటకు రెండింతలు చెయ్యకండి. ఉదయం ఏడు, రాత్రి ఏడు అని పెట్టుకోండి. తుమ్ములు ఆగాయని మూడో రోజుకే మానేయకండి, ఎన్ని రోజులన్నది డాక్టరు మాట.

నీళ్ల సీసాలో కలపడం కుదరదు. జబ్బు పిల్ల అసలే నీళ్లు తక్కువ తాగుతుంది, రుచి మారితే ఆ కాసినీ మానేస్తుంది. సల్ఫా మందు వాడేటప్పుడు నీళ్లు ఒంటికి బాగా పట్టాలి. పైగా ఏ పిల్ల ఎంత తాగిందో, బాగున్న మూడోది ఎంత తాగేసిందో ఎవరు చూడొచ్చారు?

నన్నడిగితే మందు కంటే ముందు భయపడాల్సింది మేత గురించి. గినీపిగ్గు పేగు ఆగకుండా నడిచే మిల్లు లాంటిది, పొద్దస్తమానం ఏదో ఒకటి పడుతూనే ఉండాలి. ఇంత చిన్న పిల్ల సగం రోజు ఏమీ తినకపోతే పేగు ఆగిపోయి, జబ్బు తగ్గినా ప్రాణం పోతుంది. చిన్నది తనంతట తాను తినడం లేదంటే మీరు తినిపించాలి. గినీపిగ్గుల పెల్లెట్లు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మెత్తగా చిదిపి, టీ వడగట్టే జల్లెడలో వేసి నొక్కితే జావ దిగుతుంది. 165 గ్రాముల పిల్లకు రోజు మొత్తం మీద 8 నుంచి 13 ఎంఎల్, అయిదారు విడతలుగా. విడతకు రెండు ఎంఎల్ అనుకోండి. అదే సందులోంచి, 0.2 చొప్పున, నమిలాక ఇంకాస్త. పావుగంట పడుతుంది, పట్టనివ్వండి. పెల్లెట్లు దొరకలేదని కోళ్ల దాణా నానబెట్టకండి, అందులో వీటికి పడని మందులు కలిపి ఉండొచ్చు. పెరుగన్నం, పాలు, బిస్కెట్లు కూడా వద్దు. సంక్రాంతికి మిగిలిన అరిసె ముక్క పెట్టానని చెప్పిన ఇల్లాలు కూడా ఉంది నాకు!

ముందర ఎప్పుడూ పచ్చి గరిక ఉండాలి. వినాయకుడికి ఏరినట్టు లేతవి, పురుగుమందు కొట్టని చోటివి, కడిగి నీళ్లు దులిపి వెయ్యండి. మనలాగే వీటికీ విటమిన్ సి ఒంట్లో తయారు కాదు, అది తగ్గితే ఏ మందూ పట్టదు. కాప్సికమ్ ముక్క, కొత్తిమీర, చిన్న జామకాయ ముక్క మంచివి. జబ్బు పిల్లలకు అది చాలదు గనుక చంటిపిల్లల విటమిన్ సి చుక్కల మందు తెచ్చుకోండి. సీసా మీద ఒక ఎంఎల్‌లో 100 మిల్లీగ్రాములని ఉంటే ఒక చుక్కలో 5 ఉన్నట్టు, ఆ ఒక్క చుక్క చిన్నదానికి రోజుకు సరిపోతుంది. డాక్టరుకు ఫోన్ చేసినప్పుడు ఇది కూడా ఒక మాట చెప్పి మొదలుపెట్టండి. దీన్నీ నీళ్లలో కలపొద్దు, నిలవుంటే సత్తువ పోతుంది.

మీ మరిది తూచిన అంకెలు ఈ ఉత్తరంలో అన్నిటికంటే విలువైనవి. వంటింట్లో గ్రాములు చూపే చిన్న తూకం ఉంటే రోజూ ఉదయం ఒకే వేళకు, మందుకు ముందు తూచి పాప చేత నోటుపుస్తకంలో రాయించండి. ఈ వయసు పిల్ల రోజుకు మూడు నాలుగు గ్రాములు పెరగాలి. పెరగకపోయినా ఉన్న బరువు నిలబడితే ఫరవాలేదు. రెండు రోజులు వరుసగా తగ్గితే, పెంటికలు చిన్నవైపోయినా ఆగిపోయినా, చెవులు చల్లబడినా ఇంక ఇంట్లో ప్రయత్నాలు ఆపేయండి. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, మీకు దూరం కాదు. కదిలే వీలు లేకపోతే 1962కి ఫోన్ చేసి అడిగి చూడండి, ఆ సంచార పశువైద్య వాహనాలు ఎక్కువగా పాడి పశువుల కోసం తిరిగేవే అయినా, అడిగితే పోయేదేమీ లేదు. తీసుకెళ్లేటప్పుడు రెంటినీ ఒకే పెట్టెలో, తువ్వాలు వేసి, సిరప్ సీసా కూడా పట్టుకుని వెళ్లండి.

భోగి మర్నాటి నుంచి అన్నారు కదా, మంట పొగ కొంత కారణం కావచ్చు. గూడు ఎక్కడుందో రాయలేదు మీరు. పోపు ఘాటు, అగరొత్తులు, దోమల కాయిల్ పొగ తగిలే చోటైతే ఇవాళే మార్చండి. కింద సామిల్లు పొట్టు పరిచి ఉంటే తీసేసి పాత నూలు గుడ్డలు వెయ్యండి, రోజూ మార్చండి. ఉచ్చ వాసన మీ ముక్కుకు తగులుతోందంటే నేలకు రెండంగుళాల ఎత్తులో ఉండే దాని ముక్కు సంగతేమిటి?

అసలు నాకు ఎక్కువ అనుమానం కుందేలు మీద. బోర్డెటెల్లా అనే బాక్టీరియా కుందేళ్ల ముక్కుల్లో, కుక్కల ముక్కుల్లో ఏ బాధా లేకుండా కాపురం ఉంటుంది, గినీపిగ్గుకు తగిలితే నిమోనియా. రెండు జాతులూ ఒకే గూట్లో ఉండకూడదు, చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నా. కుందేలును ఈ పూటే వేరే గదికి పంపండి. జబ్బు పిల్లలు రెండూ ఒకచోట, బాగున్న పిల్ల తల్లి దగ్గర. నెల దాటింది గనుక పాలు లేకపోయినా గడుస్తుంది వాటికి. ముందు బాగున్నవాటిని చూసుకుని, చేతులు కడుక్కుని, తర్వాతే జబ్బువాటిని ముట్టుకోండి.

ఇంకొక్కటి, మీరు అడగనిది. రెండూ ఆడవే అయితే ఈ మూడు పిల్లలు ఎక్కడివి? ఒకటి మగదే అయ్యుండాలి, ఇప్పటికీ ఆ గూట్లోనే ఉందనుకుంటాను. గినీపిగ్గు ఈనిన కొన్ని గంటలకే మళ్లీ ఎదకొస్తుంది. మీ తల్లి గినీపిగ్గు ఇప్పటికే రెండోసారి చూలుతో ఉన్నా నేను ఆశ్చర్యపోను, డాక్టరుకు ఆ మాట కూడా చెప్పండి. పిల్లల్లో మగవి ఉంటే వాటినీ ఈ వయసుకు విడదీసెయ్యాలి. తండ్రిని ఈ రాత్రికే వేరే పెట్టెలోకి మార్చండి. కుందేలున్న గదిలోకి మాత్రం కాదు.